నాగభూషణం చీనీచెట్టు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. పులివెందులలో అల్లాబక్ష్ టీ అంగడి ముందు నూరుల్లా దిగాలుగా కూర్చున్నాడు. వాళ్ల నాయన నాటిన చీనీచెట్టుకు, అదే బత్తాయి చెట్టుకు, మొదలు దగ్గర బంక కారుతోంది. కుళ్లిన బెరడు చెక్కి మైలుతుత్తం, సున్నం కలిపి పూయమన్నారు కొందరు. చెక్కితే ఉన్న ప్రాణమూ పోతుందేమోనని అతని భయం.

"చెక్కుతావా? ఉండప్పా!" అన్నాడు నాగభూషణం, బల్లమీద కాలు మడుచుకుంటూ. అతనూ చీనీ రైతే, కాకపోతే తోటకన్నా నోరు ఎక్కువ కాస్తుంది.

"నా చెట్టుకూ ఇట్లే బంక కారె. చుక్క మందు గూడా పుయ్యలే. వ్యవసాయ ఆఫీసరొచ్చి బెరడు గీసి చూపిచ్చినాడు. లోపల ఎంజైములని ఉంటాయంట. వంకాయ కోసిపెడితే నల్లబడుతుందే, ఆ పని వాటిదేనంట. తెగులు లోపలికొస్తాంటే దాని ముందర గోడ కడతాయి. కండ్లు లేవు, చేతుల్లేవు, గోడ మాత్రం కడతాయి!"

నూరుల్లా ముందుకు జరిగాడు. రోజూ తను నీళ్లు కట్టే చెట్టు లోపల, చడీచప్పుడూ లేకుండా, ఇంత పని జరుగుతోందా!

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ గోడమీద గొడ్డలేస్తే గొడ్డలి నోరు వంగిపోయె. కాలు పుండై కుంటుతాండే మా ఎద్దును ఆ నీడన కట్టేసినా. తెల్లారేసరికి పుండు మానింది సరే, గిట్టకు బెరడు పట్టింది!"

"కొమ్ములకు పూత రాలేదా?" అన్నాడు మిషన్ బడి పంతులు దేవపాలు.

"రాకేం సార్! కాయలు గూడా కోసినా. అది గాదు, పోయిన వానల్లో మా చెరువు కట్ట తెగె గదా? ఆ చెట్టు కొమ్మొకటి నరికి గండిలో ఏసినా. ఎంజైములు కట్టినాయి చూడు గోడ, నీళ్లు బెదురుకోని వచ్చిన దావనే ఎనక్కి పోయినాయి! ప్రొద్దుటూరు నుంచి ఇంజనీర్లొచ్చి కొలిచి, ఇంగ సిమెంటు ఎందుకని బస్తాలు ఎత్తుకోని పోయినారు."

"అంటే నా చెట్టును ముట్టకుండా ఇడిసిపెట్టేదా?" నూరుల్లా గొంతులో ఆశ తొణికింది.

"ముట్టనే ముట్టాకు! నా చెట్టు ఈ పొద్దుకు గూడా ఏనుగు మాదిరి నిలబడుకోనుండాది."

నూరుల్లా చటుక్కున లేచాడు. "అట్లయితే పోదాం పా. దాని కొమ్మమీద కన్నొకటి తీసియ్యి, నా తోటలో అంటు కట్టుకుంటా." వినేవాళ్లంతా తువ్వాళ్లు దులుపుకుని లేచారు.

నాగభూషణం మడిచిన కాలు కిందికి దిగింది. "ఇప్పుడా? ఎండ శానా ఉండాదప్పా..."

"తోటదాకా ఎందుకు మామా?" అన్నాడు అల్లాబక్ష్, పొయ్యిలోకి కట్టె తోస్తూ. "ఎండిపోయిందని పోయిన నెల నువ్వే బండికేసుకోనొచ్చి నాకు అమ్మితివి గదా. ఇప్పుడు నువ్వు తాగుతాండే టీ దాని మంట మీద కాగిందే."

అంగడంతా పగలబడి నవ్వింది. నూరుల్లా నవ్వలేదు. అప్పటికే చెప్పులు తొడుక్కున్నాడు.

"యాడికప్పా?" అన్నాడు దేవపాలు.

"మైలుతుత్తం కొనేకి సార్. ఆడ చెట్టులోపల ఆ ఎంజైములు ఒంటిగా కొట్లాడతాంటే, నేనీడ కూసోని కతలింటాండా."