మధ్యగతం మేడమ్ వెనక్కి తీసుకున్న సంతకం

వెయ్యి తొమ్మిది వందల తొంభై మూడు, జూన్ పధ్నాలుగో తేదీ, సోమవారం ఉదయం మేడమ్‌గారు మన పరీక్షల సంస్థలో జూనియర్ గణాంక అధికారిగా చేరారు. ఆవిడకి కేటాయించిన గది జనరేటరుకీ స్టోర్ రూముకీ మధ్య ఇరుక్కుని, కిటికీ తెరిస్తే పొగ, మూస్తే ఉక్క అన్నట్టుండేది. వంతెనలు, క్రేన్లు, లిఫ్టులు గట్టిగా ఉన్నాయో లేదో తేల్చే ఆఫీసులో గణాంకాల మనిషికి పనేమిటో అప్పట్లో ఎవరికీ సరిగ్గా తెలీదు. అందుకని మొదటి నెలంతా ఆవిడ చేత సెలవుల లెక్కలు వేయించారు. ఆవిడ అవి కూడా శ్రద్ధగా వేసి, మన ఇంజనీర్లకి జ్వరాలు సోమవారాలే వస్తున్నాయని డైరెక్టరుగారికి సవినయంగా విన్నవించారు. ఆ మర్నాడే సెలవుల లెక్క ఇంకొకరి బల్ల మీదికి వెళ్లిపోయింది.

రెండో నెలలో కాంక్రీటు క్యూబులు వచ్చాయి. ఒక కాంట్రాక్టరు పంపిన పది క్యూబుల్ని మిషన్లో పెట్టి పగలగొట్టారు. బలం ఇరవై ఐదు దాటితే పాస్. తొమ్మిది క్యూబులు పంతొమ్మిది దగ్గరే చేతులెత్తేశాయి. పదోదానికి ఇరవై ఎనిమిది వచ్చింది గానీ, టైపిస్టుగారి వేలు ఒక సున్నా ఎక్కువ నొక్కడంతో అది రెండు వందల ఎనభై అయి కూర్చుంది. సగటు తీస్తే నలభై ఐదు!

“సగటు బ్రహ్మాండంగా ఉందిగా అమ్మా?” అన్నారు డైరెక్టరుగారు, పాస్ ముద్ర చేతిలో పట్టుకుని.

“ఉంది సార్. ఈ పదో క్యూబు మిగతా తొమ్మిదింటినీ భుజానేసుకుని పరీక్ష గట్టెక్కించింది. రేపు బిల్డింగుని కూడా ఇదొక్కటే మోస్తుందేమో కనుక్కోండి.”

డైరెక్టరుగారు ముద్ర కింద పెట్టారు. ఆ రోజు ఆవిడ నల్లబల్ల మీద పది సంఖ్యల్నీ చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా రాసి, నడిమధ్యన ఏముందో చూడమన్నారు. పంతొమ్మిది ఉంది. చివర్న ఉన్నది ఎంత ఎత్తు ఎగిరినా మధ్యలో ఉన్నది కంగారుపడదు. స్కూల్లో అందరం చదివి పరీక్ష రాసి మర్చిపోయిన ఆ మధ్యగతాన్ని ఆఫీసులోకి తెచ్చి కూర్చోబెట్టినందుకు, సాయంత్రానికల్లా ఆవిడకి మధ్యగతం మేడమ్ అని పేరు పడిపోయింది.

తర్వాతి సంవత్సరాల్లో ఆవిడ ఆ ఒక్కదానితో ఆగలేదు. తప్పు సంఖ్యలు నాలుగు దూరినా చెదరని పద్ధతులు ఎన్నున్నాయో అన్నీ నేర్చుకుని, వాటికి తొణకని లెక్కలు అని పేరు పెట్టి, క్రేన్ తాళ్లకీ పంపుల అదురుకీ ఫ్యాక్టరీల చప్పుడుకీ వాడి చూపించారు. వాటితోపాటే ఒక అలవాటు పెట్టుకున్నారు. వరసలో కలవని సంఖ్య కనబడితే, దాన్ని పక్కన పెట్టినా సరే, కొలిచిన మనిషికి ఫోన్ చేసి అడగాల్సిందే. ఒక ఫ్యాక్టరీలో చప్పుడు కొలిచే మీటరు రోజూ ఒక్కసారి ఆకాశానికి ఎగురుతుంటే అలాగే ఫోన్ చేశారు. వాచ్‌మాన్‌గారు దాని పక్కనే నిలబడి ముక్కుపొడుం పీలుస్తారని తేలింది. “ఆయన తుమ్ముని తీసేశాం, ఆయన్ని తీసేయకండి” అని రిపోర్టులో ప్రత్యేకంగా రాశారు.

ఇక అసలు సంగతికి వస్తే, రెండు వేల పదకొండులో ఒక హాస్పిటల్ పాత బిల్డింగుకీ కొత్త బిల్డింగుకీ మధ్య ఉక్కు నడక వంతెన కట్టారు. మనవాళ్లు దాని మీద ఇసుక బస్తాలు పేర్చి, కింద దూలాలకి ఏడు స్ట్రెయిన్ గేజీలు అంటించారు. తపాలా బిళ్లంత ఉండే ఈ గేజీలు, బరువు పడినప్పుడు ఉక్కు ఎంత సాగిందో చెప్తాయి. నూరు దాటితే ప్రమాదం. నాలుగు గేజీలు అరవై దగ్గర నిలబడ్డాయి. మూడు మాత్రం నూట అరవై అన్నాయి. మేడమ్ పద్ధతి మెజారిటీ మాట విని, ఆ మూడింటినీ చెడిపోయినవాటి కింద జమకట్టి, వంతెన క్షేమం అంది. సోమవారం ప్రారంభం. హాస్పిటల్‌వాళ్లు పూలకి ఆర్డరు కూడా ఇచ్చేశారు. గురువారం సాయంత్రం ఆవిడ సంతకం పెట్టేశారు.

శుక్రవారం పొద్దున, అలవాటు ప్రకారం, టెక్నీషియన్‌గారికి ఫోన్ చేశారు.

“ఆ మూడు గేజీలకీ ఏమొచ్చింది బాబూ?”

“వాటికేం రాలేదు మేడమ్. తీసేద్దామంటే ఊడవే! ఉలి పెట్టి గీకాల్సొచ్చింది.”

“మరి మిగతా నాలుగూ?”

“అవా? వేలు తగిలితే చాలు, స్టిక్కర్లలా వచ్చేశాయి. మధ్యాహ్నం ఎండలో అంటించినవి కదా, గమ్ము పట్టినట్టు లేదు.”

మేడమ్ ఫోన్ పెట్టేసి రిపోర్టు ముందుకి లాక్కున్నారు. గమ్ము పట్టని గేజీకి ఉక్కు సాగడం సగం కూడా తెలీదు. అంటే అబద్ధం చెప్పింది ఆ నాలుగూ, నిజం చెప్పింది ఆ మూడూ. తొణకని లెక్కలకి కూడా ఒక హద్దుంది. తప్పు సంఖ్యలు సగం కంటే తక్కువ ఉన్నంతవరకే అవి కాపాడతాయి. సగం దాటితే గుంపుతోపాటే కొట్టుకుపోతాయి. అంతకంటే ఘోరం ఇంకోటుంది. కాగితం మీద ఊరికే సగటు తీసి చూస్తే నూట మూడు వచ్చింది. ఇన్నేళ్లూ ఆవిడ ఛీ పొమ్మన్న సగటుకి ఈ ప్రమాదం దొరికింది!

డైరెక్టరుగారు మూడింటిదాకా మీటింగులో ఉంటారన్నారు. ఆవిడ భోజనానికి ఇంటికి వెళ్లారు.

“ఏమైందే, కంచం ముందు పెట్టుకుని గోడకేసి చూస్తావ్?” అన్నారు అత్తగారు.

“నేను సరే అన్న వంతెన సరిగ్గా లేదత్తయ్యా.”

“లేదని చెప్పెయ్, అంతేగా.”

“అంతే కాదు. సగటు వద్దు వద్దని ఊరంతా పోట్లాడింది నేను. ఈసారి సగటు పట్టుకుంది, నా పద్ధతి వదిలేసింది. ఇప్పుడు చెప్తే నా పద్ధతిని ఆఫీసులో ఇంకెవరూ ముట్టుకోరు. పద్దెనిమిదేళ్ల పని.”

డ్రాయింగ్ మాస్టారు, అంటే మేడమ్‌గారి భర్త, నెమ్మదిగా ఒక దారి చూపించారు. “కొంచెం అనుమానం ఉంది, ఇంకోసారి చూడండి అని రాయొచ్చుగా? తప్పు అనే మాట ఎందుకూ?”

“అనుమానం అంటే పూలు ఆగవండీ. తప్పు అంటేనే ఆగుతాయి.”

“ఇంతకీ దాని మీద నడిచేదెవరే?” అన్నారు అత్తగారు.

“పేషెంట్లు. ఎక్కువగా స్ట్రెచర్ల మీద.”

“పడుకుని పోయేవాళ్లు పరిగెత్తి తప్పించుకోలేరు కదా. ముందు తిను. తిని వెళ్లు.”

మూడు గంటలకి మేడమ్ డైరెక్టరుగారి గదిలోకి వెళ్లారు. అప్పటికి పాత డైరెక్టరుగారు వెళ్లి కొత్తాయన వచ్చారు గానీ, సగటు మీద ప్రేమ మాత్రం కుర్చీతోపాటే ఆయనకీ వచ్చింది.

“సార్, నా సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. రిపోర్టు తప్పు. వంతెన తెరవకూడదు.”

ఆయన మొత్తం విన్నారు. కాలిక్యులేటర్ తీసి తనే సగటు వేసుకున్నారు. మొహం వెలిగిపోయింది.

“అంటే సగటు గెలిచిందన్నమాట!”

“గెలిచింది సార్. పొరపాటున.”

“గెలుపు గెలుపేగా మేడమ్?”

“గెలుపే సార్. మీరు తర్వాత తీరిగ్గా నవ్వుకోండి, ముందు హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యండి.”

ఆయన ముందే నవ్వారు, కళ్లనీళ్లొచ్చేదాకా. కానీ నవ్వుతూనే ఫోన్ అందుకున్నారు. ప్రారంభం ఆగింది. గేజీలు కొత్తగా, ఈసారి నీడలో, మేడమ్ దగ్గరుండి అంటించారు. ఏడింటికి ఏడూ నూట అరవై అన్నాయి. వెతికితే రెండు అతుకుల దగ్గర వెల్డింగు సగమే పడింది. అది సరిచేసి, మళ్లీ పరీక్షించి, వంతెన తెరిచేసరికి రెండు నెలలు పట్టింది. పూలు మళ్లీ కొన్నారు.

ఆ తర్వాత తొణకని లెక్కల్ని ఆఫీసులో ఎవరూ ముట్టుకోరని ఆవిడ భయపడ్డారు గదా, జరిగింది వేరు. తన పద్ధతి ఎక్కడ పడిపోతుందో తనే చెప్పిన మనిషి దగ్గరికి, అప్పటిదాకా రాని సెక్షన్లవాళ్లు కూడా రావడం మొదలుపెట్టారు. ఆవిడ ప్రతి ట్రెయినింగులోనూ మొదటి గంట ఆ వంతెన కథే చెప్పేవారు, తన పేరు దాచకుండా. “నలుగురు ఒకే మాట అంటున్నారంటే సంతోషించకండి. నలుగురికీ ఒకే గమ్ము అంటించారేమో చూడండి” అనేవారు. ఇప్పుడు ఎవరు ఏది కొలిచినా, ఎవరు అంటించారు, ఎప్పుడు, దేంతో అని అడగకుండా మన ఆఫీసులో లెక్క మొదలవదు.

కొన్నేళ్లకి అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడని చక్రాల కుర్చీలో అదే వంతెన మీదుగా తీసుకెళ్తుంటే మధ్యలో ఆపమన్నారట.

“ఇదేనా నీ వంతెన? ఊగుతోందేమే?”

“వంతెన కాదత్తయ్యా, మీ కుర్చీ చక్రం.”

“సరే పోనీ” అన్నారట అత్తగారు. ఆ కుటుంబంలో దాన్ని ప్రశంసాపత్రం కిందే లెక్కేస్తారు.

సెక్షన్ అధిపతిగా చివరి తొమ్మిదేళ్లూ మాకందరికీ పెద్ద దిక్కుగా నిలిచిన మేడమ్‌గారు ఈ నెల ముప్ఫయ్యో తేదీన పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, వారి బీపీ, షుగరు, కంటిచూపు అన్నీ హద్దుల్లోనే ఉండాలనీ, ఎప్పుడైనా నలుగురు డాక్టర్లు ఒకే మాట చెప్తే, నలుగురూ ఒకే మిషన్ కాగితం చూశారేమో అడిగే ఓపిక వారికీ, జవాబు చెప్పే ఓపిక డాక్టర్లకీ ఉండాలనీ మనసారా కోరుకుంటున్నాం. మనుషుల సగటు ఆయుష్షు ఇంత అని ఎవరో లెక్క కట్టి పెట్టారు. ముప్ఫై రెండేళ్లుగా సగటుని నమ్మని మనిషి ఇప్పుడు కొత్తగా నమ్మక్కర్లేదు. వరసలో అటు చివర్న, మిగతా అందరికీ అందనంత దూరంలో, జనాభా లెక్కలవాళ్లు ఇదేదో తప్పు పడిందని ఇంటికొచ్చి చూసుకునేంత దూరంలో వారి వయసు నిలబడాలి. తలుపు వారే తీసి, “సరిగ్గానే రాసుకున్నారు, లోపలికి రండి” అనాలి.