గొడుగు కింద అమ్మమ్మ

ఆఁ, వినపడుతోందా? ఎర్రగా వెలుగుతోంది కాబట్టి రికార్డవుతున్నట్టే. నీ మెసేజ్ పొద్దున్నే చూశానే. "పిన్నీ, ఎండలు మాడ్చేస్తున్నాయి, పిల్లలిద్దరూ గోడలెక్కేస్తున్నారు, నీళ్ళతో ఆడించే ఆటలేమన్నా ఉంటే చెప్పు" అని పెట్టావు కదా. రెండు మూడు ఆటలు టైపు చేసి పడేద్దామని కూర్చున్నా. కూర్చున్నానో లేదో మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ గుర్తొచ్చాక ఇంక టైపు చేయడం నా వల్ల కాదు, వేళ్ళు చాలవు, నోరు కావాలి. అందుకని ఇలా మాట్లాడేస్తున్నా. గిన్నెలు తోముకుంటూ విను, పర్లేదు.

మా అమ్మమ్మని నువ్వు చూడలేదులే, నువ్వు పుట్టకముందే పోయింది. ఫొటోలో చూసుంటావు, కెమెరా వాణ్ణి తినేసేలా చూస్తూ ఉంటుంది, ఆవిడే. ఆ ఫొటో తీసినాయన "బాగా వచ్చిందా అమ్మా?" అని మురిపెంగా అడిగితే, "మీరు తీసింది నన్నా, మా అత్తగారినా?" అందిట. అదీ ఆవిడ నోరు. అబద్ధం ఆడటం చేతకాదు. మొహమాటానికైనా సరే, ఎదుటివాళ్ళ మనసు కోసమైనా సరే, ఊహూఁ. పక్కింటావిడ సంగీతం నేర్చుకుంటూ "పిన్నిగారూ, నా గొంతు ఎలా ఉంది?" అంటే, "మా గేటుకి నిన్ననే నూనె వేశాం, నువ్వూ ఏమన్నా వేసుకోమ్మా" అంది. ఆ తల్లి మళ్ళీ పాడితే ఒట్టు. వీధి వీధంతా ఆవిణ్ణి నిక్కచ్చమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కూడా అనేవాళ్ళు, ఆవిడకి అదేదో బిరుదులా ఉండేది.

ఇక తాతయ్య. తాతయ్యది గొడుగులు బాగుచేసే పని. నవ్వకే, అదో పెద్ద పనే ఆ రోజుల్లో. ఇప్పట్లా విరిగితే పారేసి ఇంకోటి కొనుక్కోవడం కాదు. ఒక్కో గొడుగు ఇంట్లో మనిషిలాగా, ఊచ విరిగితే వైద్యం, గుడ్డ చిరిగితే వైద్యం, పిడి ఊడితే వైద్యం. ఎండాకాలం వచ్చిందంటే, వానలు పడకముందే అందరూ తెచ్చి పడేసేవాళ్ళు. ముందుగదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. గోడకి తగిలించి గొడుగులు, మంచం కింద గొడుగులు, తలుపు తీస్తే మీద పడే గొడుగులు. మధ్యలో చిన్న పీట మీద తాతయ్య, బట్టతల, ముక్కు చివర కళ్ళజోడు, పెదాల మధ్య సూది. పెరట్లో ఓ మూల ఓ బకెట్, దాన్నిండా నల్లరంగు. ఎండకి వెలిసిపోయి బూడిదలా అయిన గొడుగు గుడ్డకి మళ్ళీ నలుపు ఎక్కించడానికి. ఆ బకెట్ గుర్తుపెట్టుకో, మళ్ళీ దాని దగ్గరికే వస్తా.

కుట్టిన గొడుగు కుట్టినట్టు ఇచ్చేసేవాడు కాదు తాతయ్య. పరీక్ష ఉండేది. పెరట్లో ఓ ముక్కాలిపీట, దాని మీద అమ్మమ్మ. భుజాల చుట్టూ లేత బూడిదరంగు దుప్పటి ఒకటి కప్పుకునేది. ఎందుకంటే ఆ రంగు మీద చీమ తలంత చుక్క పడినా నల్లగా తేలిపోతుంది. చేతిలో గొడుగు విప్పి పట్టుకుని, నిటారుగా, జడ్జీగారిలా కూర్చునేది. మా కండక్టర్ మామయ్య, అంటే వాళ్ళబ్బాయి, బస్సులో పని, డ్యూటీ లేనప్పుడు పిట్టగోడ ఎక్కి చిల్లుల డబ్బాతో పైనుంచి నీళ్ళు పోసేవాడు. పాత నూనె డబ్బాకి అడుగున మేకుతో చిల్లులు కొట్టిందన్నమాట. అచ్చం వానే. అదే రాసుకో, మొదటి ఆట. డబ్బా ప్లాస్టిక్‌దైనా పర్లేదు, చిల్లులు మాత్రం నువ్వే కొట్టు, పిల్లలకివ్వకు. కింద ఒకళ్ళు గొడుగుతో, పైన ఒకళ్ళు డబ్బాతో. గొడుగు గిరగిరా తిప్పితే చుట్టూ ఉన్నవాళ్ళందరికీ చిందుతుంది, ఆ తిప్పడంలోనే ఉంది మజా అంతా.

ఎందాకా వచ్చా? ఆఁ, జడ్జీగారు. నీళ్ళు పోయడం అయ్యాక అమ్మమ్మ దుప్పటి విప్పి, ఎండకేసి పెట్టి చూసి, "పొడి" అనేది. ఒక్కటే మాట. ఆ మాట కోసం తాతయ్య చేతులు కట్టుకుని నిలబడేవాడు, చూస్తే నవ్వొచ్చేది, పెద్దమనిషి పరీక్ష రాసిన పిల్లాడిలా. ఆవిడ "పొడి" అంటే వీధిలో ఎవరూ మళ్ళీ తిప్పి చూసుకునేవాళ్ళు కాదు. నిక్కచ్చమ్మ పొడి అందంటే పొడే. తాతయ్యకి అదే గర్వం. భోజనాల దగ్గర గ్లాసు ఎత్తి మరీ అనేవాడు, "నేను కుట్టిన గొడుగులోంచి ఒక్క చుక్క కారిందా, ఆ రోజే సూది దారం పెట్టెలో పెట్టి తాళం వేసేస్తా" అని. అంతా నవ్వేవాళ్ళు. అమ్మమ్మ నవ్వేది కాదు. ఎందుకంటే ఎదురింటి గడియారాలాయన కూడా అలాగే అని, అన్నంత పనీ చేసి, కొట్టు మూసేశాడు. ఆ తర్వాత ఓ కుర్చీ వేసుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు, పలకరిస్తే టైమెంత అని అడిగేవాడు, మనిషి నెలల్లో కరిగిపోయాడు. అమ్మమ్మ రోజూ కిటికీలోంచి ఆ కుర్చీ చూసేది.

ఏంటి, పైన టైపింగ్ అని కనపడుతోంది. ఆగవే, విషయం ఇప్పుడే మొదలైంది.

ఆ ఎండాకాలం సెలవులకి మా అమ్మ మమ్మల్ని తీసుకుని అక్కడికే వెళ్ళింది. నేనూ, మీ అమ్మా. మేం చిన్నవాళ్ళం. ఎండ ఎలా ఉందంటే, తలుపు గడియ పట్టుకుంటే చెయ్యి కాలేది. మాకేమో పెరట్లోకి వెళ్ళి నీళ్ళలో ఆడాలని. అమ్మమ్మేమో, "నీళ్ళు ఆడుకోవడానికి కాదు, పరీక్షకి. గడప దాటితే కాళ్ళు విరగ్గొడతా" అని. మేం గడప మీద గడ్డాలు ఆనించి, ఆ చిల్లుల డబ్బా వైపు చూస్తూ పడుకునేవాళ్ళం, కుక్కపిల్లల్లా.

ఓ రోజు పోస్టుమాన్ గొడుగు పరీక్షకి వచ్చింది. ఇంత పెద్దది, సగం వీధికి నీడనిస్తుంది. అమ్మమ్మ కూర్చుంది. మామయ్య పోశాడు. తాతయ్య చేతులు కట్టుకున్నాడు. ఇదిగో, ఇక్కడ గొడుగు కింద జరిగిందంతా ఆవిడ చాలా ఏళ్ళ తర్వాత మా అత్తకి, అంటే మామయ్య పెళ్ళానికి చెప్పింది, అత్త నాకు చెప్పింది. టప్. భుజం మీద. ఆవిడ ముందు నమ్మలేదట. మెల్లిగా కళ్ళు పైకెత్తి చూస్తే, ఊచ పక్కన కుట్టు. కుట్టు మీద కుట్టు పడాల్సింది, పక్కకి పోయింది, వంకరగా, తాగినోడి నడకలాగ. ఆ కుట్టు తాతయ్యది కాదే అనుకుందట ఒక్క క్షణం. తర్వాత తట్టింది, తాతయ్య వారం నుంచి సూదిలో దారం ఎక్కించడానికి కిటికీ దగ్గరికి వెళుతున్నాడని, అన్నంలో రాయి కనపడక నమిలేశాడని. టప్. ఇంకోటి. దుప్పటి మీద కాఫీ గింజంత నల్లటి మచ్చ.

"చాలురా, దిగు" అన్నాడు తాతయ్య. "ఏమే, ఎలా ఉంది?"

ఆవిడ లేవలేదు. ఎప్పుడూ చటుక్కున లేచి దుప్పటి విప్పే మనిషి, అలాగే కూర్చుని ఉంది. తడి అంటే పెట్టెకి తాళం. పొడి అంటే ఆవిడ ఆవిడే కాదు. నోరు తెరిచిందట, ఏ మాటా రాలేదట. పుట్టి బుద్ధెరిగాక ఆవిడకి మాట రాకపోవడం అదే మొదలు. తాతయ్య అడుగు ముందుకేశాడు, "ఏదీ, దుప్పటి ఇటివ్వు" అని చెయ్యి చాపాడు. అంతే. ఆవిడ పక్కకి చెయ్యి చాపి, చేతికి అందిన బకెట్ అందుకుని, "అబ్బబ్బ, ఏం ఉక్కపోత, ఏం ఉక్కపోత, చచ్చిపోతున్నా!" అని బకెట్ బకెట్టంతా నెత్తి మీద కుమ్మరించేసుకుంది!

నల్లరంగు బకెట్!

ఆగు, నవ్వుకోనీ. నల్లగా, జుట్టులోంచి, నుదుటి మీంచి, ముక్కు చివర్నించి కారుతూ, మధ్యలో రెండు కళ్ళు మాత్రం తెల్లగా మిటకరిస్తున్నాయి. దుప్పటి పైనుంచి కిందిదాకా ఒకటే నలుపు. అందులో ఏ చుక్క ఎక్కడ పడిందో దేవుడొచ్చినా చెప్పలేడు. పిట్టగోడ మీద మామయ్య డబ్బా పట్టుకుని బొమ్మలాగ. అప్పుడు తాతయ్య నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది. ముందు దగ్గేమో అనుకున్నాం. నవ్వు! అలా నవ్వి నవ్వి, మోకాళ్ళు మడిచి నేల మీద కూలబడి, "నిక్కచ్చమ్మ, ఒసేయ్ నిక్కచ్చమ్మా, వెలిసిపోయావని నీకు నువ్వే రంగేసుకున్నావటే!" అని కళ్ళ వెంట నీళ్ళు. ఆవిడకి రోషం వచ్చింది. లేచి వెళ్ళి ఆ నల్లటి చేతులు రెండూ ఆయన బట్టతల మీద అద్దింది. మామయ్య గోడ దూకి, "అమ్మా, కడుగుతా ఉండు" అని రబ్బరు పైపు అందుకున్నాడు, అది ఆవిడ మీద తప్ప అందరి మీదా పడింది. వంటింట్లోంచి అత్త వచ్చి "ఏమిటీ గోల?" అనేలోగా నిలువునా తడిసింది, లోపలికెళ్ళి చెంబు తెచ్చుకుంది, ఇంక చూస్కో. అమ్మమ్మ మా వైపు తిరిగి, "ఏం చూస్తున్నారే గడప మీద? రండి!" అంది. వెళ్ళిపోయాం! మీ అమ్మ ఒక గొడుగు తిరగేసి దాన్నిండా నీళ్ళు పట్టి, తడిగుడ్డ ఉండలు చుట్టి అందులోకి గురిచూసి కొట్టడం కనిపెట్టింది. అది రెండో ఆట, రాసుకో, పాత సాక్సులైతే ఇంకా బాగా ఎగురుతాయి. వరసగా నిలబడి, చిల్లుల డబ్బా తల మీంచి వెనకవాళ్ళకి అందించడం మూడోది. చివరివాళ్ళకి అందేసరికి డబ్బాలో ఏమీ ఉండదు, అందరి వీపులూ మాత్రం నిండిపోతాయి.

ఆ రంగు పోదే! వారం పోలేదు. అమ్మమ్మ తల తుడవబోయిన మామయ్య కుడిచెయ్యి మణికట్టు దాకా నలుపు. ఆ చేత్తో టికెట్టు ఇస్తే ఎవరూ తీసుకోవట్లేదని, అంత ఎండలో ఉన్ని చేతితొడుగు ఒకటి వేసుకుని డ్యూటీకి వెళ్ళాడు. ప్యాసింజర్లు "ఏమైందన్నా?" అంటే, "చలి" అన్నాట్ట.

మర్నాడు మధ్యాహ్నం తాతయ్య కునుకు తీస్తుంటే, అమ్మమ్మ ఆ పోస్టుమాన్ గొడుగు వంటింట్లోకి పట్టుకెళ్ళి, ఆ కుట్టు విప్పి, మళ్ళీ కుట్టింది. అత్తని కింద కూర్చోబెట్టి నీళ్ళు పోసి చూసింది. పొడి. అప్పుడు బయటికొచ్చి, నిద్ర లేచిన మొగుడి మొహం చూసి, "పోస్టుమాన్‌ది పొడి" అంది. అబద్ధం కాదు కదా మరి! అక్కడ కూడా నిక్కచ్చే.

ఇంక అప్పట్నుంచి ప్రతి ఎండాకాలం అదే వరస. పరీక్షలో ఏ గొడుగన్నా కారిందా, అమ్మమ్మ "అబ్బా ఉక్కపోత!" అని బకెట్ ఎత్తేది, ఆట మొదలు. రంగు బకెట్ కాదులే, దాన్ని తాతయ్యే దూరంగా జరిపేసి, ముక్కాలిపీట పక్కన మంచినీళ్ళ బకెట్ నిండుగా పెట్టించేవాడు. మేమేమో దేవుడికి దణ్ణాలు పెట్టుకునేవాళ్ళం, ఇవాళ అమ్మమ్మకి బాగా ఉక్కపోయాలి అని. మాకేం తెలుసు? ఏడాదికేడాది ఉక్కపోత ఎక్కువవుతూ వచ్చింది. ఓ ఏడాదైతే రోజూ ఆటే. వీధిలో పిల్లలందరూ మా పెరట్లోనే. మధ్యాహ్నాలేమో వంటింటి తలుపు వేసుకుని ఆవిడ కుడుతూనే ఉండేది, వేళ్ళన్నీ పొడుచుకుని. తాతయ్య కునుకు కూడా, ఏంటో, ఏడాదికేడాది పొడుగైంది. పడుకునే ముందు దారం ఎక్కించలేక వదిలేసిన సూదులు కిటికీలో వరసగా గుచ్చిపెట్టి మరీ పడుకునేవాడు.

ఆఖరిసారి నేను బాగా ఎరుగుదును, అప్పటికి కొంచెం పెద్దదాన్నయ్యా. తాతయ్య పొద్దున్నే, "ఇవాళ నేను కూర్చుంటా పీట మీద. నువ్వు నీళ్ళు పొయ్యి" అన్నాడు అమ్మమ్మతో. "నీకెందుకు, జలుబు చేస్తుంది" అంది. "ఇంత ఎండలో జలుబేమిటే" అని దుప్పటి లాక్కుని కూర్చున్నాడు. దుప్పటి భుజాల మీద, బట్టతల బయటికి. ఆవిడ పిట్టగోడ ఎక్కలేదుగా, కుర్చీ వేసుకుని నిలబడి, డబ్బా వంచింది. టప్. నున్నటి గుండు మీద నడినెత్తిన పడి, చెవి పక్క నుంచి జారి, గడ్డం దాకా వచ్చింది. అందరం చూశాం. ఆయన చేత్తో తుడుచుకున్నాడు. ఆ చెయ్యి కళ్ళజోడు దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. తలెత్తి కుట్టు వైపు చూడలేదు, అమ్మమ్మ వైపు చూశాడు.

"చెమట" అన్నాడు.

ఆవిడ కుర్చీ మీద నుంచే, "చెమటే" అంది. నిక్కచ్చమ్మ! అంత మందిలో!

అప్పుడాయన గొడుగు మెల్లిగా మూసి పక్కన పెట్టి, "ఏం ఉక్కపోత, ఏం ఉక్కపోత... ఒసేయ్, ఆ బకెట్ ఇలా తోయ్" అన్నాడు. "అది కాదు. నల్లది."

...

ఆఁ. ఉన్నాలే. ఏం లేదు, ఫ్యాను పెంచొచ్చా, ఇక్కడా ఒకటే ఉక్కపోత.

సరే, పిల్లలకి పాత బట్టలు వెయ్యి, జారకుండా నేల మీద గోనెపట్టా పరిచెయ్యి. ఇంతకీ మీ ఇంట్లో గొడుగుందా? కారేదైతే ఇంకా మంచిది.