కమాను కింద నిలబడ్డ రాజు

లుపెర్కుడని, రోము దేశానికి రాజంట. మహా కఠినుడు. ఒక్కపూటే తినేవాడు, తప్పు చేస్తే తమ్ముణ్ణైనా వదిలేవాడు కాదంట. ఆయనుండే ఊరికి తాగేందుకు మంచినీళ్లు లేవనుకోండి. అప్పుడాయన కొండ నీళ్లని, రాతి కమాన్ల మీద కాలువ కట్టించి ఊళ్లోకి తెప్పించాడు. పన్నెండేళ్లు పట్టిందంట. ఆయన పెట్టిన కట్టడి ఏమిటంటే, కమాను కింద ఊతకర్రలు లాగేసే రోజున కట్టినోడు దాని కిందే నిలబడాలి. కూలిందా, వాడి నెత్తినే కూలాలి. ఫౌస్తు అనే రాతిపనోడు అన్నిటికంటే పెద్ద కమాను కట్టి, కింద నిలబడ్డాడు. చూస్తే పక్కన ఎవరో వచ్చి నిలబడ్డారు. ఎవరు? రాజే! అయ్యా, తమరెందుకిక్కడ అంటే, "కట్టింది నువ్వు, కట్టమన్నది నేను కదరా. లాగమను కర్రలు" అన్నాడంట. లాగారు. కాస్త ఇసుక రాలింది, అంతే. కమాను నిలబడింది. ఆనాటి నుంచి చెయ్యమన్నవాడూ కింద నిలబడాలన్నది కట్టడిలో చేరింది.

ఆ సంబరంలో ఫౌస్తు ఒక పొరపాటు చేశాడు. కమాను నడినెత్తిన రాయి ఉంటుంది చూడండి, అటూ ఇటూ రాళ్లని పట్టి ఆపేది, దాని అడుగున రాజు పేరు చెక్కాడు. పైపైన చెక్కరా అని తోటి పనోళ్లంటే విన్నాడా? బెత్తెడు లోతు దింపాడు, ఎన్నటికీ చెరగకూడదని.

ఏమైందంటే, కొన్నాళ్లకి సేనాపతి ఆ రాజుని పొడిపించి తానే గద్దె ఎక్కాడు. పాత రాజు పేరు ఎక్కడ కనబడ్డా చెక్కి తీసెయ్యండన్నాడు. అక్కడ అదొక ఆచారమంట, గిట్టనోడు పోతే పేరు కూడా బతకనివ్వరు. ఫౌస్తుని పిలిపించి, రేపు పొద్దుగూకేసరికి ఆ పేరు కనబడిందా, నీ కుడిచెయ్యి ఉండదన్నాడు. పేరు పోవాలంటే రాయిని బెత్తెడు తొలవాలి. తొలిస్తే కమాను కూలుద్ది. కూలితే ఊరికి నీళ్లుండవు. ఇంటికెళ్లి కూలబడితే పెళ్లాం లివిల్ల అడిగిందంట, "చెయ్యి పోతే మనిద్దరం పస్తు, నీళ్లు పోతే ఊరంతా చావు. అది సరే గానీ, ఆ పాత కట్టడి ఎవరైనా తీసేశారా?" అని.

మర్నాడు కొత్తరాజూ, ఊరంతా చూస్తుండగా ఫౌస్తు నిచ్చెనెక్కాడు. "దొరా, చెక్కుతాను. ఈ కమాను పనికి ఓ కట్టడి ఉంది. చేసేవాడూ, చెయ్యమన్నవాడూ కిందే ఉండాలి" అన్నాడు. పోయినోడి కట్టడి నాకెందుకురా అన్నాడు కొత్తరాజు. ఒక ముసలామె నెత్తిమీది బిందె దించి, "పోయినాయన నిలబడ్డాడు నాయనా, నేను చూశాను" అంది. అందరూ కొత్తరాజు పాదాల వంకే చూస్తున్నారు. చచ్చినట్టు వచ్చి నిలబడ్డాడు. ఒక దెబ్బ పడింది, దుమ్ము రాలింది. రెండో దెబ్బకి గులకరాయంత పెచ్చు. మూడో దెబ్బకి పైనుంచి సన్నటి నీటిధార, సరిగ్గా ఆయన మెడ మీద! ఒక్క గెంతు గెంతి బయటపడ్డాడు. "చాల్రా, దిగు! సున్నం పూసి తగలెయ్యి!" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు. నవ్వితే తల ఉండదు కదా. సున్నం పూశాడు, పేరు కనబళ్లేదు, చెయ్యి మిగిలింది, నీళ్లూ మిగిలాయి. నాలుగు వానలకి పైనుంచి కారిన నీళ్లతో సున్నం కొట్టుకుపోయి, పేరు మళ్లీ తేలింది.

ఆ కొత్తరాజు పేరా? నాకు చెప్పినోళ్లకీ తెలీదు. మన వాగు మీద మొన్న కల్వర్టు కట్టారు కదా, దాని బండ మీద కట్టించినోళ్లవని తొమ్మిది పేర్లున్నాయి. నేను లెక్కపెట్టాను. మొదటి లారీ పోయినప్పుడు ఆ తొమ్మిదిమందిలో ఒక్కడైనా దాని కింద ఉన్నాడా? లేడు. అవతల టెంటు కింద కూర్చున్నారు.