లక్ష్మీరాజం అన్న ముప్పైఒక్క క్యాసెట్లు

పెద్దలారా, అక్కలారా, పొద్దటి షిఫ్టు వదులుకుని వచ్చిన తోటి కార్మికులారా! ఈ డిండోలి గల్లీలో మనందరినీ పేరుపేరునా పలకరించే లక్ష్మీరాజం అన్న వారం కిందట మనల్ని విడిచిపోయాడు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

నేను ఓంప్రకాష్‌ను. పద్దెనిమిదేళ్లు మరమగ్గాల షెడ్డులో ఆయన పక్కనే సాంచాలు నడిపాను. నాకు స్పీకర్ల పిచ్చి ఉందని మీకు తెలుసు. ఇప్పటికి అయిదు సెట్లు మార్చాను. అన్న దగ్గర ఉన్నదేమిటి? ఒక్క టేప్‌రికార్డరు, ముప్పైఒక్క క్యాసెట్లు. చదువు రాదు కాబట్టి ఒక్కో క్యాసెట్టుకు ఒక్కో రంగు దారం చుట్టుకున్నాడు. ఎర్రది బతుకమ్మ పాటలు, పచ్చది ఒగ్గుకథ. ముప్పైరెండోది ఎందుకు కొనలేదు? ఆయనకు ఎలా సరిపోయింది? నాకెప్పుడూ ఇదే ప్రశ్న.

ఒకసారి కొత్త స్పీకర్లు వినిపిద్దామని ఇంటికి పిలిచాను. పాట మొదలైంది. నేను బేస్ పెంచాను, తగ్గించాను, బాక్సును మూలకు జరిపాను. అన్న చూసీ చూసీ అన్నాడు: "తమ్మీ, జర కూసో. పాట అయిపోవట్టె, నువ్వింకా ఇననే లేదు." నాకు కోపమొచ్చింది. ఆయన వెళ్లాక ఆలోచించాను. నేను చివరిదాకా విన్న పాట ఏది? ఒక్కటీ గుర్తుకు రాలేదు.

తెల్ల దారం క్యాసెట్టులో భూదేవి వదిన గొంతు ఉంది. ఆమె పోయి తొమ్మిదేళ్లు. షెడ్డును ఆనుకుని ఉన్న వాళ్లింట్లో కూర్చుని కండెలకు నూలు చుడుతూ పాడుతుంటే అన్న రికార్డు చేసుకున్నాడు. టేపు అరిగిపోతోందని నేను దాన్ని ఫోన్లోకి ఎక్కించాను. అంతటితో ఊరుకున్నానా? వెనకాల సాంచాల చప్పుడంతా తీసేశాను. గొంతొక్కటే తేటగా మిగిలింది. మెచ్చుకుంటాడనుకున్నాను.

రెండుసార్లు విని ఫోను నా చేతిలో పెట్టాడు. "గొంతు మీ వదినదే. గని యాడ కూసోని పాడుతుందో తెల్వట్లేదురా. గిందుల మా ఇల్లేది?"

నేను చెత్త అనుకుని తీసేసింది వాళ్ల ఇంటిని. ఆ రోజు సిగ్గుపడ్డాను, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అదృష్టం, అసలు టేపు అలాగే ఉంది. చివరి రోజున కూడా అదే పెట్టమన్నాడని కూతురు సంధ్య చెప్పింది.

ఈ వారమంతా నేను కొత్త స్పీకర్ల వైపు చూడలేదు. నా దగ్గరున్న పాటలనే మొదటి నుంచీ వింటున్నాను. ఇన్నాళ్లూ వాటిలో ఏమేం వినలేదో తెలుసుకోవాలని ఉంది.

మౌనం పాటించేటప్పుడు పక్క షెడ్డులో సాంచాలు ఆపిస్తానని సేఠ్ కబురు పంపాడు. నేనే వద్దన్నాను. కిటికీలు కూడా మూయకండి. అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు మనం మాట్లాడకుండా ఉందాం. అన్న ఇల్లు వినబడుతుంది.