తల వంచితే వాలిన గెలాక్సీలు

అబ్బబ్బ, ఆ లైటు కాస్త పక్కకి తిప్పు బాబూ! అక్షరాలు తర్వాత చదువుతాలే, ముందు నా గోడు విను. కళ్ళ డాక్టరువి, నీకు కాక ఇంకెవరికి చెప్పుకోను?

బయట మొహం వేలాడేసుకుని కూర్చుంది చూశావా, మా కోడలు. లోకం పుట్టిన కొత్తలో గెలాక్సీలు ఎంతెంత ఉండేవి, ఏ ఆకారంలో ఉండేవి, అది తన ఉద్యోగం. మనమున్న గెలాక్సీ ముందు అవి పసికూనలట. ఇప్పుడు మనకి కనపడే వాటి వెలుగు బయల్దేరినప్పటికి మన భూమే లేదట! నమ్మవా? నేనూ నమ్మలేదు.

వాటి ఫొటోలు నా ముందు పెట్టి, "అత్తయ్యా, గుండ్రటివేవో పొడుగువేవో చెప్పండి. తెలిసినవాళ్ళకి కావాల్సిందే కనపడుతుంది, ఏమీ తెలియని కళ్ళు కావాలి నాకు" అంది. పొగిడిందో, తిట్టిందో!

రోజూ సాయంత్రం నా పక్కనే కూర్చునేది. నేను చెప్పడం, తను రాసుకోవడం, మధ్యలో ఇద్దరం నవ్వుకోవడం. కోడలిగా ఇంటికొచ్చాక నాతో అంతసేపు మాట్లాడింది అప్పుడే.

దాదాపు అన్నీ పొడుగే అన్నాను. తను అనుకున్నదీ అదేనట, పొంగిపోయింది పిచ్చిది! ఏ వైపు పొడుగో గీత గీయమంటే గీశాను. గీతలన్నీ ఒకే వైపు వాలాయి. ఒకదానికొకటి సంబంధం లేనివి, అన్నీ కూడబలుక్కుని వాలతాయా? అనుమానమొచ్చి, "ఒకసారి తల వంచండత్తయ్యా" అంది. వంచాను. గెలాక్సీలన్నీ నాతో పాటు వంగాయి!

నవ్వకు! వంకర నా కంట్లోనే ఉందని అప్పుడు తేలింది. వచ్చే నెల తను పెద్దపెద్ద సైంటిస్టుల ముందు నిలబడి ఇదంతా చెప్పాలి పాపం. ఈ వంకర లెక్క చెబితే పరువుంటుందా?

ఆఁ, ఈ అద్దం బాగుంది. ఉండు, ఫొటోలు సంచిలో ఉన్నాయి. ఇది గుండ్రం. అయ్యో, ఇదీ గుండ్రమే. ఇదిగో, ఇది పొడుగు! తల ఇటు వంచినా అలాగే ఉంది, అటు వంచినా అలాగే ఉంది. ఇంకోటి కూడా, అదీ వేరే వైపు! బతికించావు నాయనా, పిల్ల కష్టం మొత్తం మట్టిపాలు కాలేదు.

ఏమిటీ? పాత అద్దాలతో మసకగా ఉందని నాకు తెలియలేదా అంటావా?

ఎందుకు తెలియదూ! చెబితే ఆ పని ఇంకొకరికిస్తుందని నోరు మూసుకున్నాను. పొద్దున కారులో, "అన్నీ మళ్ళీ మొదట్నుంచి చూడాలత్తయ్యా, మీరే చూడాలి" అంది విసుగ్గా. నేనూ అయ్యో అంటూ మొహం దిగులుగా పెట్టాను గానీ, లోపల సంతోషం పట్టలేకపోయాను బాబూ.

ఆ తలుపు సరిగ్గా వేశావా?