కొత్త బూట్లు నడిచిన దారి

కొలతలాయన ముప్పై ఏళ్లు తూనికలు కొలతల ఆఫీసులో పనిచేశాడు. ఏ దుకాణంలో తక్కెడ గోరంత ఒరిగినా ఇట్టే పట్టేసేవాడు. అంత కచ్చితమైన మనిషికి సొంత మాటల్ని తూచుకునే తక్కెడ మాత్రం ఎవరూ ఇవ్వలేదు, పాపం.

ఆ సాయంత్రం ఆయన వరండాలో పొద్దుటి నడక జట్టు కూర్చుంది. టైలర్, రిటైరైన పోస్ట్‌మన్ బాబాయి, కొలతలాయన చెల్లెలు వచ్చారు. మిగతావాళ్లు "మీరెలా అంటే అలా" అని కబురు పెట్టి ఊరుకున్నారు. వచ్చే నెల వీళ్లంతా ఒక పాత నగరంలోనూ, దాని పక్క సముద్రతీరం వెంటా నాలుగు రోజులు నడవబోతున్నారు. వెంట గైడు ఉండడు. టూరు కంపెనీవాళ్లు దారి పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, సామాను మాత్రం వ్యాన్‌లో ఒక బస నుంచి ఇంకో బసకి చేరుస్తారు. జట్టు మొత్తానికి పుస్తకం ఒక్కటే, అది జట్టు పెద్ద దగ్గర ఉంటుంది. ఆ పెద్ద ఎవరో ఫారంలో రాసి పంపాలి. టైలర్ ఫారం మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీసి సిద్ధంగా ఉన్నాడు.

కొలతలాయన, ఆయన భార్య నర్సమ్మ పోయిన నెలే ఆ నడకకి వెళ్లొచ్చారు. కాబట్టి అనుభవమంతా ఆ ఇంట్లోనే ఉంది. ఇద్దరిలో ఎవరి దగ్గరుందో నర్సమ్మకి తెలుసు, ఆయనకీ తెలుసు.

ఫారంలో జట్టు పెద్ద గడిలో తన పేరు ఉండాలని నర్సమ్మకి ఎంతో ఆశగా ఉంది. నర్సుగా ఆసుపత్రి వార్డుల్లో ఆవిడ తక్కువేం నడవలేదు, కానీ అవన్నీ ఇంకొకరు పిలిస్తే నడిచిన నడకలు. ఆ నాలుగు రోజులూ తనకోసం తను నడిచింది. మళ్లీ నడవాలని ఉంది, ఈసారి పదిమందిని వెంటేసుకుని.

"అంత గొప్పేం కాదులేవోయ్," అన్నాడు కొలతలాయన పోయిన నెల తెచ్చుకున్న దారి పుస్తకంతో విసురుకుంటూ. ఆయన ఇలా మొదలుపెడితే అందరూ సర్దుకుని కూర్చుంటారు, తొందరగా తేలదని తెలుసు కనక. "ఏదో నడిచాం. మొదటిరోజు కోట. నాలుగొందల పన్నెండు మెట్లు. నేను లెక్కపెట్టుకుంటూ ఎక్కానా, పైన కాపలావాడు నాలుగొందల పదకొండే అంటాడు! నాతోనా లెక్కలు? కిందికి దిగి మళ్లీ ఎక్కి చూపించాను. వాడు పుట్టి బుద్ధెరిగాక ఆ మెట్టు చూడలేదట, దణ్ణం పెట్టాడు."

"మెట్టుకా, మీకా సార్?" అడిగాడు టైలర్.

"వినవయ్యా. అక్కడి నుంచి పాత బజారు. సందులెంత ఇరుకంటే ఊపిరి బయటికి వదిలి దూరాలి, అవతల తేలాకే మళ్లీ పీల్చాలి. నా వెనక ఇరవైమంది విదేశీయులు, నేను వదిలితే వదులుతున్నారు, పీలిస్తే పీలుస్తున్నారు. ఆ సందు చివర గడియారం గోపురం ఉంది, అది ఆగిపోయి నూరేళ్లట. నేను కింద నడుస్తున్నానా, ఆ అడుగుల అదురుకి టిక్కుమంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తెలీదన్నయ్యా. నీక్కూడా ఇంకా తెలిసినట్టు లేదు, నిదానంగా ఆలోచించుకో," అంది చెల్లెలు.

నర్సమ్మ టీ అందిస్తూ నవ్వుకుంది. ఆ ఇరుకు సందు నిజమే. పుస్తకంలో ఎడమకని ఉంది, ఎడమకి వెళితే గోడ. రెండుసార్లు తప్పిపోయి, ఒక నీలం తలుపు దగ్గర కూర్చుని, కుడికి తిరగాలని కనిపెట్టి పెన్సిల్‌తో దిద్దుకుంది. ఆ వేళకి ఈయనగారు సామాను వ్యాన్‌లో ముందు సీట్లో, రబ్బరు చెప్పులు విడిచి, రెండు కాళ్లూ అద్దానికి తన్నిపెట్టి నిద్రపోతున్నాడు. కోట మొదటి మలుపులోనే ఆయాసం వచ్చి వ్యాన్ ఎక్కినవాడు నాలుగు రోజులూ దిగలేదు. ఆఖరి బసలో మాత్రం బిక్కమొహం వేసుకుని, "ఇంటికెళ్లాక ఎవరికీ చెప్పకే," అన్నాడు. జాలేసి, "నా నోటితో చెప్పను," అని మాటిచ్చింది.

"రెండోరోజు సముద్రం," కొలతలాయన కుర్చీ అంచుకి జరిగాడు. "గాలి! గాలంటే గాలి కాదు బాబాయ్, గోడ. దానికి వీపు ఆనించి కూర్చుని భోజనం చేశాను. కుర్చీ గిర్చీ ఏం లేదు. పోటు నా వెనకే తరుముకొచ్చింది, ఏడు మైళ్లు నేను ముందు, సముద్రం వెనక. చివరికి నేనే జాలిపడి ఆగాను. అదీ ఆగింది. ఇద్దరం కాసేపు ఆయాసం తీర్చుకున్నాం."

"పాపం, దాని వయసెంతో," అన్నాడు పోస్ట్‌మన్ బాబాయి. ఆయన ఇంతసేపూ టీ ఊదుకుంటూ ఉన్నాడు.

"నవ్వు బాబాయ్, నవ్వు. ఆ సాయంత్రం లైట్‌హౌస్‌లో దీపం పోయింది. ఎవరికీ దిక్కు తోచలేదు. నేను పైకెక్కి నా చేతి టార్చి తిప్పాను. పదకొండు ఓడలు! ఒక్కోటీ నా ముందు ఆగి, హారన్ కొట్టి, సలాం చేసి రేవులోకి వెళ్లింది. మర్నాడు తీరంలో చూస్తే నా అడుగుల గుంటల్లో జాలర్లు పడవలు కట్టేసుకుంటున్నారు, గాలివానకి భద్రంగా ఉంటుందని!"

టైలర్ పడీపడీ నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. "సార్, పడవలు కట్టేంత మనిషి మన జట్టులో ఇంకెవరున్నారు? మీ పేరే రాసేస్తాను," అని పెన్ను కాగితం మీద ఆనించాడు.

"మరి వదిన సంగతేంటన్నయ్యా? తనూ నడిచిందిగా," అంది చెల్లెలు.

"మీ వదినా?" కొలతలాయన జాలిగా తలాడించాడు. "మొదటి మలుపులోనే ఆయాసం. ఆడకూతురు, ఏం చేస్తుంది? నేనే చెయ్యి పట్టుకుని సామాను వ్యాన్ ఎక్కించాను. నాలుగు రోజులూ ముందు సీట్లో కూర్చుని హాయిగా వచ్చింది."

గడియారాన్ని టిక్కుమనిపించుకోనీ, ఓడల్ని నడిపించుకోనీ, నర్సమ్మకేం బాధ లేదు. ముప్పై ఏళ్లుగా ఉన్నదే. కానీ ఆ దారి తనది. పొక్కులు తనవి. కొండ అంచున ఒంటరిగా కూర్చుని తిన్న రొట్టె ముక్క తనది. అవన్నీ లాక్కుని, తన నిద్ర ఆవిడకి అంటగట్టాడు! ఒళ్లు మండిపోయింది. అయినా మాట ఇచ్చింది కదా. పెదవి కొరుక్కుని నిలబడింది.

పోస్ట్‌మన్ బాబాయి ఆవిడ మొహం ఒకసారి, ఆయన మొహం ఒకసారి చూశాడు.

"ఇన్ని మైళ్లు నడిచావు, బూట్లు ఏమైపోయాయోనయ్యా," అన్నాడు మెల్లగా. "నాకు ఉద్యోగంలో ఏడాదికి రెండు జతలు అరిగేవి."

కొలతలాయన ఉత్సాహంలో ఉన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా.

"బూట్లా? మ్యూజియంవాళ్లు అడిగారు, ఇవ్వనన్నాను! ఏమేవ్, నా నడక బూట్లు పట్రా, చూపిద్దాం!"

అన్నాక నాలుక్కరుచుకున్నాడు. "ఆఁ, ఇప్పుడెందుకులే, దుమ్ము..." అంటుండగానే నర్సమ్మ లోపలికి నడిచింది. నోటితో చెప్పనని మాటిచ్చింది గానీ, చేత్తో తేనని ఇవ్వలేదు. అట్టపెట్టె తెచ్చి, ఒక్క మాట మాట్లాడకుండా బాబాయి ఒళ్లో పెట్టింది.

బాబాయి బూటు తీసి తిరగేశాడు. అడుగు పాలరాయిలా మెరుస్తోంది. చెయ్యి లోపలికి పోనిచ్చి, వేళ్లు ఉండే చోట తడిమి, ఒక కాగితం ఉండ బయటికి లాగాడు. కొట్టువాడు బూటు వంగిపోకుండా కూరిన కాగితం అది. రెండో బూటులోంచి ఇంకోటి తీశాడు.

"ఏమయ్యా, కోట మెట్లు ఎక్కినప్పుడు వేళ్లు వీటికి ముందు పెట్టావా, వెనక పెట్టావా?"

పడవలు పట్టిన పాదాలు కుర్చీ కిందికి ముడుచుకున్నాయి.

"వదినా, మరి నీ బూట్లు?" అంది చెల్లెలు.

"అడుగు ఊడిపోయింది. రిపేరుకిచ్చాను," అంది నర్సమ్మ. "నావి కనక చెప్పొచ్చు."

టైలర్ మొదలుపెట్టిన అక్షరం కొట్టేశాడు. ఫారం నర్సమ్మ వైపు తిప్పి, లేచి నిలబడి పెన్ను అందించాడు. ఆవిడ భర్త చేతిలోని దారి పుస్తకం మెల్లగా తీసుకుని చంకలో పెట్టుకుంది. పెద్దపెద్ద అక్షరాలతో పేరు రాసింది. కింద ప్రత్యేక అవసరాలు అని ఒక గడి ఉంటే అది కూడా నింపింది.

"అదేం రాశావమ్మా?" అన్నాడు బాబాయి.

"వ్యాన్‌లో ముందు సీటు ఒకటి ఖాళీగా ఉంచమన్నాను," అంది నర్సమ్మ. "డ్రైవరుకి ఈయన ఆ ఓడల సంగతి ఇంకా చెప్పలేదు."