దొర తవ్విన దిబ్బ

(సముద్రం అవతల, కెడాలో సుంగై పెటాని దగ్గరి రబ్బరు తోట. 1930ల నాటి మాట. రబ్బరు షీట్లు ఆరబెట్టే పొగగదిలో ఒక పెట్టె, నెత్తుటి కత్తితో కూలీ దాసు. మూసిన తలుపు బయట తోట గుమాస్తా పీటరు; మాట చివర అక్కడివాళ్ళలా 'లా' అనడం అతని అలవాటు.)

"తలుపు తియ్యి దాసూ. నేను, పీటరుని. ఒక్కణ్ణే వచ్చినాను."

"ఎల్లిపో బాబూ. లోపలికొచ్చినావంటే నిన్నూ నరికేత్తాను."

"నన్నెందుకురా నరకడం? కత్తి కింద పెట్టు."

"పెట్టను. సచ్చినాడా దొర?"

"భుజం చీలిపోయింది. నెత్తురు ఆగటం లేదు. ఊపిరైతే ఉంది. బంగళాలో పడుకోబెట్టినాం, డాక్టరు కోసం కారెళ్ళింది."

"ఇంకా సావలేదా?"

"ఏం మాటలురా అవి! అంత పాపం ఏటి సేసినాడని?"

"ఏటి సేసినాడా? నా బిడ్డ ఎముకలు బురుసుతో తోమతన్నాడు బాబూ! నా కళ్ళారా సూసినాను. సిన్న సిన్న ఎముకలు. తోమి, దూదిలో సుట్టి, ఈ పెట్టెలో పెడతన్నాడు. పసిబిడ్డని కాల్చకూడదని ఆ ఇటిక దిబ్బ మీదే కదా కన్నమ్మని పూడ్చినాం! మిగతా నేలంతా నీరే, ఇంకెక్కడ పెడతాం? తవ్వొద్దయ్యా అని నా పెళ్ళాం ఎర్రమ్మ ఆడి కాళ్ళ మీద పడితే, దాటుకుని పోయినాడు."

"ఆయన పిచ్చి ఆయనది. సీమలో వాళ్ళ జిల్లాలో నేల దున్నితే పాత గొడ్డళ్ళు, పుర్రెలు పైకొస్తాయంట. ముందు సాక్సన్లని ఒకళ్ళు సముద్రం దాటొచ్చి ఊళ్ళు కట్టినారంట. తర్వాత వైకింగులని ఇంకొకళ్ళు పడవల్లో దిగి, వాళ్ళని నరికి, ఇళ్ళు తగలబెట్టి, అక్కడే కాపురం పెట్టేసినారంట. ఈ దిబ్బ కిందా అలాంటోళ్ళే ఉన్నారని..."

"పడవల్లో వచ్చి పరాయోళ్ళ నేల మీద పడ్డోళ్ళా? ఆళ్ళని ఎతకడానికి నా బిడ్డని తవ్వాలేటి? అద్దంలో సూసుకుంటే సాలదా?"

"మెల్లిగా లా! పోలీసులొచ్చేస్తారు."

"రానీ. ముందొచ్చినోడి తల తెగుద్ది. నా బిడ్డని మళ్ళీ మట్టిలో పెట్టేదాకా ఎవడికీ దొరకను."

"ఆ పెట్టె తెరిచి చూసినావా?"

"ఎలా సూత్తాను? సెయ్యాడతాదా?"

"తెరువు."

"నా వల్ల కాదు బాబూ."

"నా మాట విను. తెరువు."

"ఇదేటి... ఇది కొమ్ము కదా? ఇది గిట్ట... బాబూ, ఇది మేక!"

"నిరుడు అమ్మోరి తల్లికి మీరేసిన మేకపోతే. తలా కాళ్ళూ ఆ దిబ్బలోనే పాతినారు కదా. పాతకాలపోళ్ళ విందని మురిసిపోయినాడు దొర."

"నానే ఏసినాను దీన్ని. మరి నా కన్నమ్మ?"

"ఎక్కడ పెట్టినావో అక్కడే ఉంది. నిన్న పార తగిలితే నల్లపూసల తాడు, చిన్న చెయ్యి కనిపించినాయి. దొర చూసి మూసెయ్యమన్నాడు. నేనే మట్టి కప్పినాను."

"మూసెయ్యమన్నాడా? అయ్యో... అయ్యయ్యో! నా బిడ్డ జోలికి పోని మనిషినా నరికేసినాను? నా సేతులు పడిపోను! ఇదిగో, తలుపు తీసినాను. కత్తి తీసుకో. పోలీసులకి అప్పగించు. ముందు బంగళాకి తీసుకెళ్ళు బాబూ, ఆయన కాళ్ళు పట్టుకుంటాను."

"కత్తి నా దగ్గరుంటుంది. బంగళాకి ఇప్పుడొద్దు. పద, స్టేషనుకి పోదాం."

"ఏటన్నాడు బాబూ, నా కన్నమ్మని సూసి?"

"చెప్పినాను కదా, మూసెయ్యమన్నాడు."

"టోపీ తీసినాడా?"

"పద లా దాసూ. ఎందుకిప్పుడవన్నీ?"

"ఆయనకీ పిల్లలున్నారు కదా. కళ్ళు సెమర్చినాయా? సెప్పు బాబూ, జైల్లో తలుచుకుంటాను."

"అడక్కురా."

"సెప్పు!"

"'ఇది కూలీ పిల్లది. కొత్త ఎముకలు. మ్యూజియానికి పనికిరావు, పూడ్చెయ్' అన్నాడు."

"పనికిరావన్నాడా?"

"దాసూ... దాసూ, కూర్చో. నా వైపు చూడు."

"ఆ కత్తి ఇటియ్యి బాబూ."